బేతంచెర్ల గోడ మీది రాళ్లు

మందు రాయని డాక్టరు

నేను డాక్టర్ని. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు మోచెయ్యో మోకాలో చూపించి, ఇక్కడ నొస్తోంది అంటారు. నేను శ్రద్ధగా చూసి, "మీ వీధిలో ఇది ఇంకెంతమందికి ఉంది?" అని అడుగుతాను. వాళ్లు చెయ్యి దించేసి, వేరే డాక్టరు ఎవరైనా తెలుసా అంటారు.

మెడికల్ కాలేజీలో సామాజిక వైద్య విభాగమంటే ఇదే. మిగతా డాక్టర్లు రోగిని చూస్తారు. మేము రోగం ఎక్కడెక్కడ కాపురం పెట్టింది, ఎవరి ఇంట్లో పెట్టింది, ఎవరి ఇంటిని ఎందుకు వదిలేసింది అని చూస్తాం. కడపలో ఉన్న మా అత్తగారికి ఈ ఉద్యోగం మీద ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. "మా కోడలు డాక్టరే, కాకుంటే జబ్బులు లెక్కేస్తాది" అని ఇరుగుపొరుగుకు చెబుతారు. గొంతులో కొంచెం జాలి ఉంటుంది.

పోయిన ఏడాది రిటైరయ్యాను. సభ పెట్టి శాలువా కప్పారు. కర్నూలులో, మే నెలలో. నా సేవల గురించి డిపార్టుమెంటు అసలు అభిప్రాయం నాకు అప్పుడు తెలిసింది.

కొత్తగా ఈ విభాగంలో చేరుతున్న పిల్లలు నాలుగు మాటలు రాసివ్వమన్నారు. ప్రమోషన్ల సంగతి, ఫైళ్ల సంగతి వాళ్లకే తెలిసొస్తాయి. నేను ఒక్క సర్వే గురించి రాస్తాను. అది ఎండోమెట్రియోసిస్ సర్వే. అందులో బేతంచెర్ల బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే మద్దిలేటమ్మ అనే అమ్మాయి ఉంది. పాతికేళ్లు కూడా నిండలేదు. ఒక కూతురు, ఇంకో బిడ్డ కావాలని ఆశ. మేము మా పని పద్ధతిగా, శాస్త్రీయంగా, కమిటీ తీర్మానం ప్రకారం చేసి, ఆ పిల్ల గర్భసంచి తీసి పారేసే దాకా తీసుకొచ్చాం. ఆ సంచి చివరికి ఎట్లా నిలబడిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. పేరు మార్చమంటావా అని ఆమెను అడిగాను. "మా వీధిలోనే ఆరుగురు మద్దిలేటమ్మలుండారు మేడం. నేనని ఎవరికి తెలుస్తాది?" అంది. అందుకే మార్చలేదు.

మధ్యలో ఒక ప్రొఫెసరు గుంటలో ఇరుక్కుంటాడు. అది కూడా శాస్త్రంలో భాగమే.

ఎక్కడ వెతికారు?

జబ్బు గురించి ముందు చెప్పాలి. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట పెరుగుతుంది. అండాశయాల మీద, పేగుల పక్కన, ఎక్కడ వీలైతే అక్కడ. లోపలి పొర నెలనెలా ఏం చేస్తుందో ఇదీ అదే చేస్తుంది, కాకపోతే దీనికి బయటికి దారి లేదు. అందుకని నొప్పి. మామూలు నొప్పి కాదు. కొందరికి గర్భం రావడం కూడా కష్టమవుతుంది. పిల్లలు కనే వయసులో ఉన్న ఆడవాళ్లలో పదిమందికి ఒకరికి ఉండొచ్చని పుస్తకాలు అంటాయి. ఆ ఒకరు ఎవరో తేలడానికి ఏళ్లు పడుతుంది. ఎందుకంటే మిగతా తొమ్మిదిమంది, "మాకు మాత్రం నొయ్యదా, నీకొక్కదానికేనా?" అని ఆమె నోరు మూయిస్తారు.

నేను చదువుకునే రోజుల్లో ఇది చదువుకున్న ఆడవాళ్ల జబ్బనీ, ఉద్యోగాలు చేసేవాళ్ల జబ్బనీ, ఆలస్యంగా పెళ్లి చేసుకున్నవాళ్ల జబ్బనీ నేర్పించారు. నేను ఆ మూడు గుంపుల్లోనూ చేరబోతున్నాను కనుక ఆ పాఠం చాలా జాగ్రత్తగా చదివాను. అసలు కథ వేరు. ఆ రోజుల్లో కెమెరా గొట్టం పెట్టి పొట్టలోకి చూస్తే తప్ప ఇది బయటపడేది కాదు. గొట్టం ఉన్న ఆసుపత్రి దాకా ఎవరు పోగలిగితే జబ్బు వాళ్లకే ఉన్నట్టు లెక్క. పెద్ద హోటళ్ల ముందు నిలబడి లెక్కపెట్టి, ఆకలి డబ్బున్నవాళ్లకే వేస్తుందని తేల్చినట్టు.

కాబట్టి పిల్లలూ, ఒక జబ్బు ఎక్కడ కనిపించిందని ఎవరైనా చెబితే, ముందు ఎక్కడ వెతికారో అడగండి. వాళ్లకు కోపం వస్తుంది. అయినా అడగండి.

ఒక మంచి సలహా వల్ల జరిగిన నష్టం

నాకు పని నేర్పిన ఇద్దరి గురించి చెప్పాలి. మొదటావిడ స్త్రీవైద్య విభాగంలో ఉండిన పెద్ద మేడం. ఆమె నన్ను తిట్టకుండా పలకరించిన రోజు నాకు గుర్తులేదు. ఒకసారి నేను ఒక పేషెంటును "నొప్పి ఉందామ్మా?" అని అడగడం విని, వరండాలో అందరి ముందూ ఆపింది.

"నొప్పి ఉందా అని అడిగితే ఆడమనిషి నిజం చెబుతుందా? మా అమ్మ కాలు విరిగినా లేదనే అనింది. నొప్పి వస్తే ఏం చేస్తుందో అడుగు. పని మానేస్తుందా, మానదా? ఆ ఒక్కటి చాలు."

చాలా గొప్ప సలహా. ఇరవై ఏళ్లు దాచుకున్నాను. మా సర్వేను ముంచింది కూడా అదే.

రెండో ఆయన మా విభాగాధిపతి. ఆయన పేరు రాయను, ఆయన ఇంకా ఆరోగ్యంగా ఉన్నారు, ఫోను కూడా చేస్తారు. సార్ అంటే చాలు. మంచి మనిషి, భారీ మనిషి. ఆయనకు ఒక సంఖ్య చూపిస్తే ఒక సిద్ధాంతం చెప్పేవారు. రెండు చూపిస్తే రెండు. అందుకని మేము ఆయనకు సంఖ్యలు భోజనం తర్వాతే చూపించేవాళ్లం.

ప్రశ్నలు తయారు చేయడానికి కమిటీ కూర్చుంది. నేను పెద్ద మేడం సలహా చెప్పాను. "ముట్టు రోజుల్లో నొప్పి వల్ల పని మానేస్తారా?" అని రాసుకున్నాం. నొప్పి అనే మాట మనమే అందిస్తే జవాబు వంకర పోతుందని కమిటీలో ఒకాయన అన్నాడు. నిజమే అనుకుని ఆ మాట తీసేశాం. చివరికి మిగిలింది: "ముట్టు రోజుల్లో పనికి పోతారా?" పోము అన్నవాళ్లను కర్నూలుకు పిలిపించి స్కానింగ్ చేయిస్తాం. పోతామన్నవాళ్లకు నమస్కారం పెడతాం. టీ వచ్చింది, తీర్మానం అయిపోయింది.

రెండు చోట్లు ఎంచుకున్నాం. ఎమ్మిగనూరు వైపు ఒక మగ్గాల వీధి, బేతంచెర్లలో పాలిష్ ఫ్యాక్టరీలు. రెండు చోట్లా ఆడవాళ్లు పని చేస్తారు. పోల్చడానికి బాగుంటుందని సార్ అన్నారు.

మద్దిలేటమ్మను నేనే అడిగాను. ఫ్యాక్టరీ బయట, లారీల పక్కన. మోచేతుల దాకా తెల్లటి బండ పొడి, గాజులు కూడా తెల్లగా ఉన్నాయి.

"ముట్టు రోజుల్లో పనికి పోతావామ్మా?"

"పోకుంటే ఎట్ల మేడం? పోతాండా."

నేను టిక్కు పెట్టాను. ఆ పిల్ల కదలలేదు.

"అంతేనా మేడం? ఇంకేం అడగరా?"

"అంతేమ్మా. అయిపోయింది."

సరేనని వెళ్లిపోయింది. ఆ ఫ్యాక్టరీ ప్రహరీ గోడ మీద ఎండలో చిన్నచిన్న బండముక్కలు వరసగా పెట్టి ఉన్నాయి. ఇవేమిటని సార్‌ను అడిగాను. "శాంపిళ్లు అయి ఉంటాయి. కొనేవాళ్లకు చూపించడానికి" అన్నారు. ఆయన ఏదైనా చెబితే అంత నమ్మకంగా చెప్పేవారు, మళ్లీ అడగబుద్ధి కాదు.

రంగుల పటం

ఫలితాలు వచ్చాయి. మగ్గాల వీధిలో దాదాపు అందరూ పనికి పోము అన్నారు. బేతంచెర్లలో దాదాపు అందరూ పోతామన్నారు. సార్ ఆ రాత్రే పటానికి రంగులు వేయించారు. నొప్పి ఉంటే ఎరుపు, లేకపోతే తెలుపు. మగ్గాల వీధి మిరపకాయల కల్లంలాగా ఉంది. బేతంచెర్ల ఎట్లాగూ తెల్లటి ఊరే, పటంలో ఇంకా తెల్లగా వచ్చింది.

"గుంటమగ్గం మేడం" అన్నారు సార్. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. "కాళ్లు గుంటలో, నడుము వంగి, గంటల తరబడి. నెత్తురు వెనక్కి పారుతుంది. లోపలి పొర బయటికి పోతుంది. ప్రపంచంలో ఇంతవరకు ఎవరూ గమనించలేదు."

నెత్తురు వెనక్కి పారడం వల్ల ఈ జబ్బు వస్తుందనే వాదం నిజంగానే ఉంది. మగ్గం మాత్రం సార్ సొంతం.

మగ్గాల వీధి వాళ్లను జీపుల్లో కర్నూలుకు పిలిపించి స్కానింగ్ చేయించాం. ఒకరిద్దరు తప్ప ఎవరిలోనూ ఏమీ కనబడలేదు. ఇంకొకరైతే పటం దాచేసేవారు. సార్ మాత్రం, "మొదటి దశ. యంత్రానికి అందదు" అన్నారు. ఏమీ కనబడకపోవడం కూడా ఆయనకు బలమైన సాక్ష్యమే అయింది. ఇక మిగిలింది మగ్గం దగ్గర నడుము ఎంత వంగుతుందో కొలవడం. అందుకోసం ఆయన వాళ్ల మనవరాలి జామెట్రీ బాక్సు తెచ్చారు.

గుంటలో సార్

ఆ ఇంటికి మేము వెళ్లేసరికి తోడికోడళ్లు ఇద్దరు బయటి అరుగు మీద చింతగింజలతో ఆట ఆడుకుంటున్నారు. మధ్యలో ఒక గిన్నెలో బొరుగులు. చిన్నకోడలు ఓడిపోతున్నట్టుంది, గింజలు దాస్తోంది. మగవాళ్లు చీరలు అప్పగించడానికి వెళ్లారట. మా లెక్క ప్రకారం ఇద్దరూ తీవ్రమైన నొప్పి ఉన్నవాళ్లు. సార్ నా వైపు తిరిగి, "చూశారా, పాపం, ఎంత ఓర్చుకుంటున్నారో" అన్నారు.

మగ్గం చూడొచ్చా అంటే చూడమన్నారు. సార్ చెప్పులు విడిచి, అంచు మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి వదిలారు. నేసిన బట్ట చుట్టుకునే కర్ర ఒళ్లోకి అడ్డంగా వచ్చింది. ఆ మగ్గాన్ని కట్టినవాళ్లు నేతపనివాళ్ల నడుములను దృష్టిలో పెట్టుకుని కట్టారు, ప్రొఫెసర్లవి కాదు. సార్ కోణం కొలిచారు. నేను రాసుకున్నాను. ఆయన లేవబోయారు. మళ్లీ లేవబోయారు.

"మేడం" అన్నారు, సెమినార్లో ఫలితం చెప్పే గొంతుతోనే, "నేను లేవలేకపోతున్నాను."

నేను ఒక చెయ్యి పట్టి లాగాను. నా బరువు ఆయన టిఫిన్ క్యారియర్ కంటే కొంచెం ఎక్కువ. నేనే ముందుకు జారాను. గడప వైపు తిరిగి ఆడవాళ్లను పిలిచాను. వచ్చి గడప అవతలే ఆగిపోయారు.

"రాండమ్మా, ఒక చెయ్యి వేయండి."

"మేం రాగూడదు మేడం" అంది పెద్దకోడలు. "ఇద్దరం ముట్టులో ఉండాము. మగ్గం తాకగూడదు."

"సార్‌ను పట్టుకోండి. మగ్గాన్ని ఎందుకు తాకుతారు?"

"ఆ సారు మగ్గాన్ని తాకతాండాడు గదా మేడం. ఆయప్పను పట్టుకుంటే మగ్గాన్ని పట్టుకున్నట్టే."

పొయ్యి, పూజగది సంగతి నాకు తెలుసు. మా ఇంట్లోనూ ఉండేది. మగ్గం కూడా ఆ వరసలోకి వస్తుందని తెలియదు. గుంటలోంచి సార్ నెమ్మదిగా అడిగారు.

"అంటే, ఆ రోజుల్లో మీరు మగ్గం పని చేయరా?"

"చేయము సార్. మగ్గం దేవుని లెక్క."

"నొప్పి వల్ల కాదా?"

చిన్నకోడలు పెద్దకోడలి వైపు చూసింది. ఇద్దరూ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"నొప్పా? మాకా?" అంది చిన్నకోడలు. "సార్, నెలంతా కాళ్లు ఆడిస్తానే ఉంటాము. ఆ మూడు దినాలే గదా మేం కూర్చొని తినేది."

"గట్టిగా అనొద్దే" అంది పెద్దకోడలు. "పెరట్లో అవ్వ వింటే ముట్టు కూడా మాన్పిస్తాది."

"మరి కర్నూలుకు రమ్మంటే వచ్చారే?"

"మీరే గదా సార్ జీపు పంపిస్తిరి. కడుపుకు జారుడు మందు పూసి టీవీలో చూస్తిరి. తర్వాత కొండారెడ్డి బురుజు చూసి, బిరియానీ తిని వస్తిమి. శానా బాగుండె. మళ్లా ఎప్పుడు పిలుస్తారు సార్?"

సార్ ముఖంలోంచి ఒక సిద్ధాంతం మెల్లగా దిగిపోవడం నాకు కనబడింది. అది ఆయనకంటే ముందే గుంట అడుగుకు చేరింది.

పెరట్లో చెనిక్కాయలు వలుస్తున్న అవ్వను పిలుచుకొచ్చారు. వయసు దాటిపోయిందని ఆమెను మేము సర్వేలోంచి తీసేశాం. ఆ రోజు ఆ ఇంట్లో అర్హత ఉన్న మనిషి ఆమె ఒక్కతే. అవ్వ ఒక కొయ్య మేకు పీకి, అడ్డకర్ర జరిపి, సార్ రెండు చంకల కింద చేతులు వేసి, బావిలోంచి బిందె లాగినట్టు లాగింది.

"ఇంత మనిషివి, పిల్లోళ్ల మాదిరి గుంటలో దిగుతావేమప్పా?"

"పరిశోధన అవ్వా" అన్నారు సార్.

"అట్లయితే ఈసారి నడుము కొలుచుకొని దిగు" అంది అవ్వ.

జీపులో తిరిగి బయల్దేరాం. డ్రైవరు నవ్వు ఆపుకోవడానికి దగ్గుతున్నాడు. ఊరు దాటాక సార్ అన్నారు: "మేడం, వీళ్లు పనికి పోకపోవడం నొప్పి వల్ల కాదు. అట్లయితే బేతంచెర్లలో వాళ్లు పనికి పోవడం నొప్పి లేక కాదేమో."

ఆయన చెప్పిన సిద్ధాంతాలన్నిటిలోకీ అది చిన్నది. అదొక్కటే నిజమైంది. నాకు వెంటనే తెల్లటి గాజులు గుర్తొచ్చాయి. అంతేనా మేడం, ఇంకేం అడగరా?

సార్ ఒళ్లోని రంగుల పటాన్ని నాలుగు మడతలు పెట్టి, అద్దం తుడుచుకోమని డ్రైవరుకిచ్చారు. "రేపు బేతంచెర్ల పోదాం" అన్నారు. తప్పు పట్టుబడిన సాయంత్రమే దాన్ని సరిదిద్దడానికి బయల్దేరే బాసు మీకు దొరికితే, ఆయన సిద్ధాంతాలన్నీ ఓపిగ్గా వినండి. అంత వెల పెట్టొచ్చు.

గోడ మీద సీటు

మర్నాడు డోన్ మీదుగా బేతంచెర్ల చేరేసరికి భోజనాల వేళ. ఫ్యాక్టరీ ఆడవాళ్లు రేకుల నీడలో రొట్టె, చెనిక్కాయల పచ్చడి తింటున్నారు. ఈసారి కాగితం జీపులోనే వదిలేశాం. సార్‌కు కూర్చోవడానికి చోటు లేదు. పొట్టి ప్రహరీ గోడ కనబడింది. అక్కడున్న బండముక్కను పక్కకు జరిపి కూర్చోబోయారు.

"సార్, సార్, అది జరపొద్దు. అది నాది."

సార్ ఇంకోటి జరపబోయారు.

"అది మా చెల్లెలిది సార్."

"ఇవి శాంపిళ్లు కాదా?" అన్నారు సార్.

రేకుల కింద నవ్వులు మొదలయ్యాయి. నీళ్లు తాగుతున్న ఒకామెకు పొలమారింది. చివరికి అందరికంటే పెద్దామె చెయ్యి కడుక్కుని లేచి వచ్చింది.

"శాంపిళ్లు కాదు సార్. ఎండకు కాగబెట్టుకుంటాము. ఆ దినాల్లో కడుపునొప్పి తట్టుకోలేకపోతే గుడ్డలో చుట్టి కడుపుకాడ చెక్కుకుంటాము. నున్నగుండే వైపు లోపలికి. వేడి శానాసేపు నిలుస్తాది. చల్లారినాక మళ్లా గోడ మీద పెడతాము."

"ఎవరు నేర్పించారు?"

"ఎవరికి తెలుసు సార్? నేను పనికొచ్చేటప్పటికే గోడ మీద ఉండాయి."

ఆ తర్వాత మేము ఒక్క ప్రశ్న కూడా అడగాల్సిన అవసరం లేకపోయింది. వాళ్లే మొదలుపెట్టారు. ఇది నాది, ఇది దానిది. నాకు రాయే లేదు మేడం, మా యమ్మ కడుపు చల్లగా పెట్టింది. దానికి రెండుండాయి, ముందొకటి వెనకొకటి. ఇది చిన్నదే, మొదటి దినానికి సరిపోతాది. ఒక్కొక్కరు తమ రాయి తెచ్చి చేతిలో పెట్టి బరువు చూడమన్నారు. సార్ రెండు చేతుల్లో రాళ్లతో, ఒళ్లో రాళ్లతో, కొత్తగా కాపురానికొచ్చిన పెళ్లికూతురిలాగా కూర్చుని ఉన్నారు. కమిటీ కూర్చుని తయారు చేసిన ప్రశ్నకు చిక్కని జబ్బు గోడ మీద ఎండలో ఆరేసి ఉంది.

వరస చివర ఒక పెద్ద పలక ఉంది.

"అది మద్దిలేటమ్మది" అన్నారెవరో. "అది రాయి కాదు మేడం, ఫ్లోరింగు. దాన్ని కట్టుకొని బండలు మోస్తాది."

"మద్దిలేటమ్మ యాడుంది?" అన్నాను. ఆత్రంలో నాకూ మా కడప మాటే వచ్చింది.

నవ్వులు తగ్గాయి.

"ఇంటికాడుండాది మేడం. సోమవారం సంచి తీపిచ్చుకోను పోతాది."

ఇంజను సంగతి

మద్దిలేటమ్మ ఇల్లు ఆ వెనక వీధిలోనే. అత్త నాగమ్మ వాకిట్లో నిమ్మకాయలు కోసి ఉప్పు కలుపుతోంది. మొగుడు రంగస్వామి లారీ డ్రైవరు. గడప దగ్గర నిలబడి, లోపలికి పోవాలా బయటికి రావాలా తెలియనట్టు ఉన్నాడు. మద్దిలేటమ్మ మోకాళ్లు కడుపుకు ఆనించుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"ఇంత నొప్పి ఉన్నట్టు చెప్పలేదేమ్మా?" అన్నాను.

"మీరు అడగల్యా మేడం. పనికి పోతావా అనిరి. పోతాండా అంటి."

సార్ తన చెప్పుల వైపు చూసుకున్నారు. నేను గోడ వైపు చూశాను.

నాగమ్మను నేను గయ్యాళి అత్తగా ఊహించుకుని వచ్చాను. పిల్లలూ, ఇట్లా ఊహించుకుని ఎవరింటికీ పోకండి.

"నాది తీపిచ్చుకొని పదైదేండ్లాయ" అంది నాగమ్మ, నిమ్మకాయల మీంచి తల ఎత్తకుండా. "పీడ వదిలె. దీన్ని సూడల్యాకుండాను మేడం. కడుపుకు బండ కట్టుకొని, నెత్తిన బండ పెట్టుకొని పోతాది. నర్సింగ్ హోములో డాక్టరు తీసేద్దామన్నాడు. మా కష్టం మేం పడి తీపిస్తాండాము."

"నాకు ఇంగొక బిడ్డ కావల్ల అత్తా" అంది మద్దిలేటమ్మ. గొంతు పెంచలేదు.

"నువ్వు బతికుంటే గదమ్మే బిడ్డ."

"ఏమప్పా రంగస్వామీ, నీ మాటేమిటి?" అన్నారు సార్.

"మా యమ్మ ఎట్లంటే అట్ల సార్."

"నీ భార్య ఏమంటోందో విన్నావు గదా?"

రంగస్వామి ఆలోచించాడు. "అదీ నిజమే సార్" అన్నాడు.

నేను నాగమ్మ పక్కన కూర్చున్నాను. సంచి తీసినంత మాత్రాన ఈ జబ్బు పోతుందని నమ్మకం లేదనీ, ఇది సంచి బయట కూడా మొలిచే జబ్బనీ, అసలు అదో కాదో ఇంకా ఎవరూ చూడనే లేదనీ చెప్పాను. నాగమ్మ కత్తిపీట మీద ఇంకో నిమ్మకాయ కోసింది. ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పిన గొంతు అక్కడ పని చేయలేదు. అప్పుడు రంగస్వామి చొక్కా మీద నల్లటి నూనె మరక కనబడింది.

"రంగస్వామీ, నీ లారీలో డీజిలు ట్యాంకు కారుతోంది అనుకో. ఇంజను విప్పి పారేస్తే కారడం ఆగుతుందా?"

రంగస్వామి మొదటిసారి గడప దాటి ముందుకొచ్చాడు.

"ఎట్లాగుతాది మేడం? ఇంజనెవరైనా తీస్తారా? ముందు కిందికి దూరి యాడ కారతాండాదో చూడల్ల."

"ఆ చూడడమే ఇంకా కాలేదు."

అతను తల్లి వైపు తిరిగాడు. నెత్తురూ నొప్పీ గురించి అతనికి ఏ అభిప్రాయమూ లేదు. ఇంజన్ల గురించి మాత్రం గట్టి అభిప్రాయం ఉంది.

"అమ్మా, ఇంజను తీయగూడదు."

ఈ పోలిక వైద్యపరంగా పూర్తిగా సరైంది కాదు. సార్ కూడా జీపులో ఆ మాటే అన్నారు. లారీపరంగా ఏ లోపమూ లేదని నేను చెప్పాను.

నాగమ్మ చేతులు కడుక్కుంది. "సరే, చూపిద్దాం. నేనూ వస్తా. ఈ ఊరగాయ ఎండలో పెట్టి వస్తా, ఉండండి" అంది.

కర్నూలులో స్కానింగ్ తీస్తే ఎడమ అండాశయం మీద పెద్ద గడ్డ ఉంది. ఆ తర్వాత గొట్టం వేసి చూస్తే పేగుల పక్కన కూడా మొలకలు. ఆపరేషన్ చేసి అవన్నీ తీశారు. గర్భసంచిని ముట్టుకోలేదు. ఆపరేషన్ జరిగినంతసేపు సార్ వరండాలో నాగమ్మ పక్కన బెంచీ మీద కూర్చున్నారు. కాసేపటికి నాగమ్మ అడగడం వినబడింది: "మగ్గం గుంటలో ఇరుక్కున్న సారు మీరేనంట గదా?" మా డ్రైవరు సర్వే ఫలితాలను మాకంటే ముందే ప్రకటించేశాడు.

గోడ మీద రాయి ఉన్నవాళ్లందరినీ ఒక్కొక్కరిగా పిలిపించాం. కొందరిలో ఇదే జబ్బు, కొందరిలో వేరేది, కొందరిలో ఏ జబ్బూ లేని నొప్పి. దానికీ మందుంది. ఎంతమందికి ఏది అని ఇక్కడ రాయను. సంఖ్య చెబితే సార్ ఎక్కడున్నా ఒక సిద్ధాంతంతో వచ్చేస్తారు. మగ్గాల వీధికి కూడా మళ్లీ పోయాం. ఆ మూడు రోజుల సెలవులో అందరూ ఆడుకుంటుంటే, వెనక గదిలో ముడుచుకుని పడుకున్న ఒకామె దొరికింది. ఆమెకు ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు సోమరిపోతు. ఒక ఊళ్లో పని నొప్పిని దాచింది, ఇంకో ఊళ్లో సెలవు దాచింది. ఇప్పుడు మా ప్రశ్న ఇట్లా మారింది: ఆ రోజుల్లో ఒంటికి సుఖంగా ఉండడానికి ఏం చేస్తావు, చూపిస్తావా? చూపించమనడం ముఖ్యం. మనుషులు నొప్పిని చెప్పడానికి సిగ్గుపడతారు గాని, రాయిని చూపించడానికి పడరు.

ఊరగాయ జాడీ

రిటైరయ్యే ముందు ఒకసారి బేతంచెర్ల పోయాను. పని ఏమీ లేదు. గోడ మీద వరస అట్లాగే ఉంది, కొంచెం పలచబడింది. చివర పెద్ద పలక ఉండే చోటు ఖాళీగా ఉంది.

ఇంటికి పోతే మద్దిలేటమ్మ ఎదురొచ్చింది. చేతులు తెల్లగా లేవు. పొట్ట ముందుకొచ్చి ఉంది. ఎన్నో నెల అని అడిగితే ఆమె కంటే ముందు కూతురు చెప్పింది, తప్పు చెప్పింది. తల్లీకూతుళ్లు కాసేపు కొట్లాడుకున్నారు.

"నీ రాయేది?" అన్నాను. అలవాటు. సాక్ష్యం చూడనిదే నాకు తృప్తి ఉండదు.

మద్దిలేటమ్మ నవ్వి అత్త వైపు చూపించింది. వాకిట్లో ఎండలో ఊరగాయ జాడీ. మూతికి గుడ్డ కట్టి, దాని మీద ఆ పలక బోర్లించి ఉంది. నున్నటి వైపు కిందికి.

"జాడీకి బరువుండల్ల గదా మేడం" అంది నాగమ్మ. "లేకుంటే కోతులు గుడ్డ పీకతాయి."

నేను డాక్టర్ని కనుక ఒక మాట చెప్పక తప్పలేదు. "నాగమ్మా, ఈ జబ్బు కొందరికి తిరిగి వస్తుంది. డాక్టర్లు చెప్పారు గదా. కాన్పు తర్వాత మళ్లీ చూపించాలి. రాయి కూడా మళ్లీ కావాల్సి రావచ్చు."

"వస్తే కడిగి ఇస్తాంలే" అంది నాగమ్మ. "అంతవరకు దానికీ ఒక పనుండల్ల గదా. ఊరికే ఎండలో కూర్చొని ఏం చేస్తాది, రిటైరైనోళ్ల మాదిరి?"

జాడీ మీది రాయిని కొంచెం సరిచేసి, నా వైపు తిరిగింది.

"అవును మేడం, మీరు ఎప్పుడు రిటైరైతాండారు?"